ఫిన్నో-ఉగ్రిక్ భాషలు, వాటి వ్యాకరణం

యూరప్‌లో వినిపించే భాషల్లో చాలావరకు ఇండో-యూరోపియన్ కుటుంబానివి. ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, గ్రీకు అన్నీ దూరపు చుట్టాలే. మన దేశంలోని హిందీ, మరాఠీ, బెంగాలీ కూడా ఆ వంశంలోవే. ఈ గుంపు మధ్యలో వేరే ఇంటి పేరున్న భాషలు మూడు ప్రముఖంగా కనిపిస్తాయి. అవి హంగేరియన్, ఫిన్నిష్, ఎస్టోనియన్. హిందీకీ ఇంగ్లీషుకీ ఉన్నపాటి బంధుత్వం కూడా ఫిన్నిష్‌కీ దాని పొరుగునే ఉన్న స్వీడిష్‌కీ లేదు. ఈ మూడు భాషల కుటుంబానికి ఫిన్నో-ఉగ్రిక్ అని పేరు.

సైబీరియా ఉత్తరాన నేనెత్స్ వంటి సమొయెద్ భాషలున్నాయి. వాటిని కూడా కలుపుకుంటే వచ్చే పెద్ద కుటుంబాన్ని ఉరాలిక్ అంటారు. ఉరల్ పర్వతాల పేరు మీద వచ్చిన మాట అది. మూలభాష మొదట రెండుగా చీలి, ఒక పాయ సమొయెద్, రెండోది ఫిన్నో-ఉగ్రిక్ అయిందని చాలాకాలం చెప్పుకున్నారు. ఆ చీలిక అంత స్పష్టమైనది కాదనే పండితులు ఇప్పుడు ఎక్కువయ్యారు. అయినా పాత పేరు వాడుకలో నిలిచిపోయింది.

కుటుంబం మొత్తం మీద మాట్లాడేవారు రెండు కోట్ల పైచిలుకు. అందులో సగానికి మించి, సుమారు కోటీ ముప్ఫై లక్షల మంది, హంగేరియన్లే. ఫిన్నిష్‌కు యాభై లక్షల పైన, ఎస్టోనియన్‌కు పదకొండు లక్షల దాకా ఉన్నారు. మిగిలిన భాషల్లో ఎక్కువ భాగం రష్యాలో ఉన్నాయి. ఓల్గా నది పరిసరాల్లో మారీ, ఎర్జ్యా, మోక్షా. వాటికి ఈశాన్యంగా ఉద్‌ముర్త్, కోమీ. ఉరల్ దాటి ఓబ్ నది తీరాన ఖంతీ, మాన్సీ. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ ఉత్తర భాగాల్లోనూ రష్యాలోని కోలా ద్వీపకల్పంలోనూ రెయిన్‌డీర్లను మేపుకొనే సామీ ప్రజల భాషలు తొమ్మిది దాకా ఉన్నాయి. సామీ అనేది ఒకే భాష కాదు. ఈ కొసన మాట్లాడేది ఆ కొసవారికి అర్థం కాదు.

ఈ పటంలో వింతగా కనిపించేది హంగేరియన్ స్థానం. దానికి అతి దగ్గరి చుట్టాలుగా చెప్పే ఖంతీ, మాన్సీ పశ్చిమ సైబీరియా చిత్తడి నేలల్లో వేల కిలోమీటర్ల దూరాన ఉన్నాయి. ఒకటి రాజ్యాలేలిన భాష, తక్కినవి వేటగాళ్ల, జాలర్ల భాషలు. హంగేరియన్ల పూర్వీకులు స్టెప్పీ మైదానాల్లో గుర్రాల మీద తిరిగి, టర్కిక్ జాతులతో కలిసిమెలిసి బతికి, క్రీస్తుశకం 895 ప్రాంతంలో డాన్యూబ్ తీరానికి వచ్చి స్థిరపడ్డారు. రాజ్యం కట్టి, క్రైస్తవం పుచ్చుకున్నారు. 1055 నాటి తిహాని మఠం శాసనంలో లాటిన్ వాక్యాల మధ్య హంగేరియన్ మాటలు కనిపిస్తాయి. ఈ కుటుంబంలో ఇంత పాత రాత మరొక భాషకు లేదు. కోమీకి పద్నాలుగో శతాబ్దంలో పెర్మ్‌కు చెందిన స్తెఫాన్ అనే మతప్రచారకుడు ప్రత్యేకంగా లిపినే తయారు చేశాడు. ఫిన్నిష్‌కు పుస్తకం పదహారో శతాబ్దంలో వచ్చింది. మికాయెల్ అగ్రికోలా అనువదించిన బైబిల్ కొత్త నిబంధన అచ్చయింది 1548లో.

హంగేరియన్‌కు ఉత్తరాన చుట్టాలున్నారన్న సంగతి బయటపడిన తీరు కథలా ఉంటుంది. 1769లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా వెళ్లే దృశ్యాన్ని చూడటానికి మాక్సిమిలియన్ హెల్ అనే జెస్యూట్ ఖగోళవేత్త నార్వే ఉత్తర కొసన ఉన్న వార్దో దీవికి వెళ్లాడు. సహాయకుడిగా వెంట వెళ్లిన యానోష్ షైనొవిచ్ హంగేరియన్. అక్కడి సామీల మాటలు సేకరించి తన భాషతో పోల్చి చూశాడు. రెండూ ఒకటేనని వాదిస్తూ 1770లో లాటిన్‌లో పుస్తకం వేశాడు. ఒకటే అనడం అతిశయోక్తి. చుట్టరికం మాత్రం నిజం. కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిన్‌ల బంధుత్వం గురించి ప్రసంగించింది 1786లో. షైనొవిచ్ పుస్తకం అంతకు పదహారేళ్ల ముందుది. 1799లో షామూయెల్ గ్యార్మతి ఇదే పనిని మరింత పద్ధతిగా, కేవలం మాటల పోలికతో ఆగకుండా వ్యాకరణ రూపాల ఆధారంగా చేశాడు.

హంగేరీ పెద్దమనుషులకు ఈ సంగతి రుచించలేదు. తాము హూణ వీరుడు అట్టిలా వారసులమని చెప్పుకొంటున్నవారికి, చేపలు పట్టుకుని బతికే సామీలు చుట్టాలంటే నామోషీ అనిపించింది. చేపల కంపు కొట్టే చుట్టరికమని ఎద్దేవా చేశారు. వంద ఏళ్ల తరవాత కూడా ఆ గొడవ సద్దుమణగలేదు. టర్కిక్ భాషలే హంగేరియన్‌కు అసలు బంధువులని ఆర్మిన్ వాంబేరీ, కాదు ఉత్తరాది భాషలేనని యోజెఫ్ బుదెంజ్ పత్రికల్లో తలపడ్డారు. నెగ్గింది బుదెంజ్ పక్షం. హంగేరియన్‌లో టర్కిక్ మాటలు వందల కొద్దీ ఉన్న మాట వాస్తవమే కాని, అవి అరువు మాటలు.

అరువు ఏది, వారసత్వం ఏది అని తేల్చేది మాటల పైపై పోలిక కాదు, ధ్వనుల్లో కనిపించే క్రమం. ఫిన్నిష్‌లో చేపను కల అంటారు, హంగేరియన్‌లో హల్. మూడు ఫిన్నిష్‌లో కొల్మె, హంగేరియన్‌లో హారొమ్. ఫిన్నిష్‌లో కొత అంటే గుడిసె, హంగేరియన్‌లో హాజ్ అంటే ఇల్లు. వెనక అచ్చుల ముందు ఫిన్నిష్‌లో ‘క’ ఉన్నచోట హంగేరియన్‌లో ‘హ’ వస్తోంది. అలాగే ‘ప’ ఉన్నచోట ‘ఫ’: చెట్టు ఫిన్నిష్‌లో పూ, హంగేరియన్‌లో ఫ; కొడుకు పొయ్‌క, ఫియూ; తల ప్యా, ఫెయ్. మాట మధ్యలో పాత ‘త’ హంగేరియన్‌లో ‘జ’కు దగ్గరి ధ్వనిగా మారింది. నీటిని ఫిన్నిష్‌లో వెసి అంటారు. ప్రత్యయం చేరేటప్పుడు అది వెతె- అవుతుంది. హంగేరియన్‌లో వీజ్. చేయి ఫిన్నిష్‌లో క్యసి, ప్రత్యయం ముందు క్యతె-, హంగేరియన్‌లో కేజ్. ఒక్క మాట కలిస్తే కాకతాళీయం కావచ్చు. వరుసగా పదుల మాటలు ఒకే సూత్రానికి లొంగితే అది వంశలక్షణం. కాకతాళీయానికి ఉదాహరణ కావాలంటే, ఫిన్నిష్‌లో కుక్క అంటే పువ్వు. మన కుక్కకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఈ సూత్రాలు పాత చరిత్రను కూడా పట్టిస్తాయి. వంద అన్నదానికి ఫిన్నిష్‌లో సత, హంగేరియన్‌లో సాజ్. సంస్కృతం తెలిసినవారికి వెంటనే శత గుర్తొస్తుంది. ఈసారి ఆ పోలిక నిజమైనదే. వేల ఏళ్ల కిందట స్టెప్పీ అంచున ఫిన్నో-ఉగ్రిక్ పూర్వీకులకు, ఇండో-ఇరానియన్ భాషలవారికి ఇరుగుపొరుగు సంబంధాలుండేవి. అప్పుడు అరువు వచ్చిన మాటల్లో ఇది ఒకటి. ఫిన్నిష్‌లో సుత్తిని వసర అంటారు. అది ఇంద్రుడి వజ్రానికి జ్ఞాతి. మకరందాన్ని ఫిన్నిష్‌లో మెసి అంటారు, తేనెను హంగేరియన్‌లో మేజ్ అంటారు. ఇవి మధు అన్న మాటకు చుట్టాలు. దాసుడిని ఫిన్నిష్‌లో ఒర్య అంటారు. అది ఆర్య శబ్దం నుంచి వచ్చిందని చాలామంది భాషావేత్తల నిర్ణయం. యుద్ధంలో పట్టుబడిన పరాయివాడి జాతి పేరే బానిసకు పేరైందని వివరణ. పెద్దమనిషిని సూచించే మాట అంత దూరాన ఇలా తేలింది.

వ్యాకరణానికి వస్తే, ఈ భాషలన్నిటికీ ఉమ్మడి స్వభావం ఒకటుంది. మూలపదం ముందు నిలుస్తుంది. అర్థభేదాలన్నీ వెనక ప్రత్యయాలుగా ఒకదాని తరవాత ఒకటి అతుక్కుంటాయి. ఫిన్నిష్‌లో తలొ అంటే ఇల్లు. తలొస్స అంటే ఇంట్లో. తలొస్సని అంటే నా ఇంట్లో. తలొస్సనికిన్ అంటే నా ఇంట్లో కూడా. ఇంగ్లీషు నాలుగు మాటల్లో చెప్పేది ఇక్కడ ఒక్క మాట. ‘ఇంట్లోనుంచేనా’ అని ఒక్క ఊపిరిలో అనగల తెలుగువారికి ఇందులో ఆశ్చర్యపడవలసింది పెద్దగా లేదు. ప్రత్యయాల వరుస మాత్రం అన్ని భాషల్లో ఒకటి కాదు. ఫిన్నిష్‌లో ముందు ‘లో’, తరవాత ‘నా’. హంగేరియన్‌లో తలకిందులు: హాజ్ ఇల్లు, హాజమ్ నా ఇల్లు, హాజమ్‌బన్ నా ఇంట్లో.

విభక్తుల సంఖ్య వినగానే బెదిరేవారు చాలామంది. ఫిన్నిష్‌కు పదిహేను, ఎస్టోనియన్‌కు పద్నాలుగు. హంగేరియన్‌కు పద్దెనిమిది అని సాధారణంగా చెబుతారు; లెక్కపెట్టే పద్ధతిని బట్టి ఆ అంకె పెరుగుతుంది, తగ్గుతుంది. నిజానికి వీటిలో సగం స్థలాన్ని చెప్పేవే. వాటి అమరిక కూడా చక్కగా ఉంటుంది. తలొస్స ఇంట్లో, తలొస్త ఇంట్లోంచి, తలోన్ ఇంట్లోకి. లోపల కాక పైన అయితే మరో మూడు: కతొల్ల కప్పు మీద, కతొల్త కప్పు మీంచి, కతొల్లె కప్పు మీదికి. ఉండటం, రావడం, పోవడం అనే మూడు దశలకు మూడేసి రూపాలన్నమాట. హంగేరియన్ దీనికి మూడో వరుస కలిపింది: ఒకదాని దగ్గర ఉండటం, దగ్గర్నుంచి రావడం, దగ్గరికి వెళ్లడం. తెలుగు వ్యాకరణాలు సంస్కృతం బాటలో ఏడు విభక్తులనీ, సంబోధనతో ఎనిమిదనీ లెక్క వేశాయి కాబట్టి లోంచి, లోకి, మీదికి, దగ్గర్నుంచి వంటివి విడి రూపాలుగా లెక్కలోకి రాలేదు. ఫిన్నిష్ పండితుల కొలమానంతో కొలిస్తే తెలుగు విభక్తులు కూడా ఎనిమిది దగ్గర ఆగవు. ఫిన్నిష్‌లో లేమికీ ఒక విభక్తి ఉంది: తలొత్త అంటే ఇల్లు లేకుండా.

స్వరసమత ఈ కుటుంబంలో ప్రసిద్ధమైన లక్షణం. ఫిన్నిష్, హంగేరియన్ అచ్చులు రెండు జట్లుగా ఉంటాయి. నోటి వెనక భాగంలో పలికేవి ఒక జట్టు, ముందు భాగంలో పలికేవి రెండో జట్టు. ఒక మాటలో రెండు జట్ల అచ్చులు సాధారణంగా కలవవు. కాబట్టి చాలా ప్రత్యయాలకు రెండు రూపాలు కావాలి. హంగేరియన్‌లో ఇంట్లో అనడానికి హాజ్‌బన్, తోటలో అనడానికి కెర్త్‌బెన్. ప్రత్యయం ఒకటే, మూలపదంలోని అచ్చును బట్టి బన్ లేదా బెన్ అవుతుంది. కొన్ని ప్రత్యయాలకు మూడు రూపాలు కూడా ఉన్నాయి. తెలుగులో హరికి, గురువుకు అనే తేడా ఈ జాతిదే: ఇకారం తరవాత కి, ఉకారం తరవాత కు. కాని తెలుగులో ప్రభావం వెనక్కి కూడా నడుస్తుంది. కత్తికి బహువచనం కత్తులు, నదికి నదులు. అంటే ప్రత్యయంలోని ఉకారం మూలపదం చివరి అచ్చును మార్చేసింది. ఫిన్నిష్‌లో, హంగేరియన్‌లో స్వరసమత అలా వెనక్కి నడవదు. అక్కడ మూలపదం చెప్పినట్టు ప్రత్యయం వింటుంది. ప్రామాణిక ఎస్టోనియన్‌లో స్వరసమత పూర్తిగా పోయింది.

ఫిన్నిష్‌లో పలుకుబడి నిడివికి చాలా విలువ. తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి, తుల్లి అంటే సుంకం. మడి, మాడి, మడ్డి అనే తేడా చెవిని పడిన తెలుగువారికి ఇది కష్టం కాదు. ఇంగ్లీషువారికి ఏళ్లు పడుతుంది. ఎస్టోనియన్ ఇంకో అడుగు వేసి మూడు నిడివులు పాటిస్తుంది. ‘లిన’ అంటే జనుము వంటి నార మొక్క అవిసె. ‘లిన్న’ అంటే పట్టణపు. అందులోని నకారాన్ని ఇంకా ఒత్తి సాగదీస్తే పట్టణంలోకి అని అర్థం. చివరి రెంటికీ రాతలో తేడా లేదు. చెవితోనే పట్టాలి.

హల్లులు బలహీనపడటం బాల్టిక్ తీరపు భాషల్లోనూ సామీలోనూ కనిపిస్తుంది. ఫిన్నిష్‌లో పువ్వు కుక్క, పువ్వు యొక్క కుకన్. కాలు యల్క, కాలి యలన్. షష్ఠీ ప్రత్యయమైన నకారం చేరగానే చివరి అక్షరం హల్లుతో మూసుకుపోతుంది. అలా మూసుకున్న అక్షరం మొదట్లో ఉన్న హల్లు బలం తగ్గుతుంది: జంట ‘క్క’ ఒంటి ‘క’ అవుతుంది, ఒంటి ‘క’ మాయమవుతుంది. ఇంతవరకు ఇది ఉచ్చారణ సౌకర్యం. ఎస్టోనియన్‌లో ఆ చివరి నకారం కాలక్రమంలో రాలిపోయింది, అది తెచ్చిన మార్పు మాత్రం మిగిలింది. కాలు యల్గ్, కాలి యల. ప్రత్యయం పోయి, దాని జాడే వ్యాకరణ చిహ్నమైంది. ప్రత్యయాలు అతికే భాష క్రమంగా మూలపదమే లోపల మారే భాషగా ఎలా తిరుగుతుందో చూడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

విదేశీ విద్యార్థులను ఎక్కువగా ఏడిపించేది ఫిన్నిష్ ‘భాగార్థక’ విభక్తి. లుయిన్ కిర్యన్ అంటే పుస్తకం చదివాను, పూర్తయింది. లుయిన్ కిర్యా అంటే పుస్తకం చదువుతూ ఉన్నాను, లేదా కొంత చదివాను. క్రియ మారలేదు, కర్మ విభక్తి మారింది. తెలుగు ఇదే పనిని క్రియతో చేయిస్తుంది: చదివేశాను, చదువుతూ ఉన్నాను. ఎలుగుబంటిని కాల్చాను అన్నప్పుడు అది చచ్చిందా, బతికే ఉందా అన్నది ఫిన్నిష్‌లో ఎలుగుబంటి అన్న మాట చివర చూస్తే తెలిసిపోతుంది. ప్రేమించడం అనే క్రియకు కర్మ ఎప్పుడూ భాగార్థకంలోనే ఉంటుంది, ఆ పనికి ముగింపు లేదు కాబట్టి.

హంగేరియన్‌లో ఆ మెలిక క్రియ దగ్గరుంది. ఒక ఇల్లు చూస్తున్నాను అంటే లాతొక్, ఆ ఇల్లు చూస్తున్నాను అంటే లాతొమ్. కర్మ ఫలానాదని తెలిసినదా, కాదా అన్నదాన్ని బట్టి క్రియకు రెండు రకాల ప్రత్యయాల వరుసలు. నేను నిన్ను అనే జంటకు ప్రత్యేకంగా ఇంకో రూపం: సెరెత్‌లెక్ అన్న ఒక్క మాటలో నేను, నిన్ను, ప్రేమిస్తున్నాను మూడూ ఉన్నాయి. కర్మతో క్రియ పొందిక ఖంతీ, మాన్సీల్లోనూ ఎర్జ్యా, మోక్షాల్లోనూ ఉంది, ఫిన్నిష్‌లో లేదు.

వ్యతిరేకార్థం తీరు తెలుగువారికి పరిచితంగా తోస్తుంది. ఫిన్నిష్‌లో ‘కాదు’ అన్నది అవ్యయం కాదు, క్రియ. పురుషను బట్టి అదే మారుతుంది: ఎన్ మెనె వెళ్లను, ఎత్ మెనె వెళ్లవు, ఎయ్ మెనె వెళ్లడు, ఎమ్మె మెనె వెళ్లం. అసలు క్రియ కదలకుండా నిలబడుతుంది. తెలుగులో లేను, లేవు, లేడు, లేము అన్నది సరిగ్గా ఇటువంటి క్రియే. ఎస్టోనియన్‌లో ఈ రూపాలు అరిగిపోయి అందరికీ ఒక్క ‘ఎయ్’ మిగిలింది. హంగేరియన్‌లో ‘నెమ్’ అనే మార్పులేని మాట వాడతారు.

కలిగి ఉండటం అన్న క్రియ ఈ భాషల్లో చాలావాటిలో లేదు. ఫిన్నిష్‌వారు ‘నా దగ్గర ఇల్లు ఉంది’ అంటారు, హంగేరియన్లు ‘నాకు ఇల్లు ఉంది’ అంటారు. లింగభేదం అసలే లేదు. అతడు, ఆమె రెంటికీ ఫిన్నిష్‌లో ‘హ్యన్’, హంగేరియన్‌లో ‘ఓ’కు దగ్గరి ఒక అచ్చు. నవల అనువదించేవారికి ఇది తలనొప్పి. ఫిన్నిష్‌లో భవిష్యత్ కాలానికి విడి రూపం లేదు. మన ‘వస్తాను’ లాగా ఒకే రూపం రెండు పనులూ చేస్తుంది. సంఖ్య చెప్పాక హంగేరియన్‌లో బహువచనం అక్కర్లేదు, హారొమ్ హాజ్ అంటే ‘మూడు ఇల్లు’. సామీ, ఖంతీ, మాన్సీల్లో ద్వివచనం ఇంకా బతికి ఉంది. మేమిద్దరం అనడానికి ఉత్తర సామీలో ‘మొవాయ్’ అని విడి సర్వనామం.

పదక్రమంలో ఐకమత్యం లేదు. తూర్పున ఉన్న ఖంతీ, మాన్సీ, మారీ, ఉద్‌ముర్త్ భాషల్లో క్రియ సాధారణంగా తెలుగులోలాగే చివరికి వస్తుంది. పడమట ఫిన్నిష్, ఎస్టోనియన్‌లలో క్రియ మధ్యకు జరిగింది. విశేషణం సంగతీ అంతే: హంగేరియన్‌లో ‘పెద్ద ఇంట్లో’ అన్నట్టు విశేషణం మారదు, ఫిన్నిష్‌లో దానికీ విభక్తి తగిలించి ‘పెద్దలో ఇంట్లో’ అన్నట్టు ఇసొస్స తలొస్స అంటారు. ఇది పొరుగు ఇండో-యూరోపియన్ భాషల సావాసం వల్ల వచ్చిందని పలువురి అభిప్రాయం.

ఈ భాషల రాజకీయ అదృష్టం వాటి వ్యాకరణమంత సమంగా లేదు. హంగేరియన్ 1844లో అధికార భాష అయింది. ఫిన్నిష్‌కు స్వీడిష్‌తో సమాన హోదా దిశగా ఆజ్ఞ వెలువడింది 1863లో. అంతకు ముందే, 1835లో, ఎలియాస్ లోన్‌రోత్ పల్లెల్లో సేకరించిన జానపద గేయాలతో కలెవల కావ్యాన్ని కూర్చి ఆ భాషకు గౌరవం తెచ్చాడు. ఇప్పుడు మూడు పెద్ద భాషలూ యూరోపియన్ యూనియన్ అధికార భాషలు. రష్యాలోని భాషలకు ఆ బలం లేదు. 2018లో చేసిన చట్ట సవరణతో అక్కడి గణతంత్రాల్లో స్థానిక భాష చదవడం ఐచ్ఛికమైంది. మాన్సీ మాట్లాడేవారు చాలా కొద్దిమందే. లాత్వియా తీరపు లివోనియన్‌ను తల్లి ఒడిలో నేర్చిన చివరి వ్యక్తి 2013లో కెనడాలో మరణించారు. ఆ భాషను పెద్దయ్యాక నేర్చుకున్నవారు కొద్దిమంది ఇంకా వాడుతున్నారు.

ఇన్ని పోలికలు చూశాక తెలుగుకూ ఈ భాషలకూ బంధుత్వం ఉందా అన్న ప్రశ్న తప్పదు. దాన్ని గట్టిగా లేవనెత్తినవాడు బిషప్ రాబర్ట్ కాల్డ్‌వెల్. 1856లో వెలువడిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో ఆయన ద్రావిడ భాషలను ‘సిథియన్’ అనే విశాల వర్గంలో చేర్చాడు. అందులోనూ ఫిన్నిష్, ఉగ్రిక్ శాఖే వాటికి దగ్గరన్నాడు. 1944లో థామస్ బరో శరీర భాగాల పేర్లను ఉరాలిక్, ద్రావిడ భాషల్లో పోల్చి అదే వాదానికి మళ్లీ ఊపిరి పోశాడు. ప్రత్యయాలు అతకడం, స్వరసమత, క్రియ చివర రావడం వంటివి సాక్ష్యంగా చాలవు. టర్కిష్, మంగోలియన్, జపనీస్ భాషల్లోనూ వాటిలో చాలా లక్షణాలున్నాయి. ఒకదానితో ఒకటి చుట్టరికం లేని భాషల్లోనూ అవి పుడతాయి. కావలసింది కల, హల్; కొల్మె, హారొమ్ వంటి క్రమం. ఉరాలిక్, ద్రావిడాల మధ్య ఆ క్రమాన్ని భాషావేత్తలందరూ ఒప్పుకునేలా ఇంతవరకు ఎవరూ చూపించలేదు.